ఇరవై పౌన్ల ఒప్పందం

"ఇరవై పౌన్లకి ఒక్క ఔన్సు ఎక్కువున్నా నాతో బండెక్కుతావు. మాటంటే మాటే," అన్నాడు ఆర్విల్, వేలికి తగిలించుకున్న బండి తాళాలు గలగలలాడిస్తూ.

కొట్టు దూలానికి వేలాడే కాటా కొక్కేనికి నడీన్ వీపుసంచి ఊగుతోంది. ముల్లు ఇరవై ఆరు దాటి నిలబడింది.

"దించు అన్నయ్యా. ఇంకా మొదలే పెట్టలేదు," అంది నడీన్.

ఆమెకి అరవై నాలుగేళ్లు. జార్జియా కొండల్లో మొదలై ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా పోయే కాలిబాట ఆ కొట్టు అరుగు మీదుగానే వెళుతుంది. నడక మొదలుపెట్టినవాళ్లు మూడో రోజుకి అక్కడికి చేరతారు. ఇక చేతకాదనుకున్నవాళ్లు గుమ్మం ముందున్న ఓక్ చెట్టు మీదికి బూట్లు విసిరేసి ఇంటిదారి పడతారు. పోయినేడు ముప్పై అయిదు పౌన్లు మోసి, మోకాలు వాచి, నడీన్ విసిరిన ఎర్ర తాళ్ల బూట్ల జత ఇంకా రెండో కొమ్మకి వేలాడుతూనే ఉంది. ఇవాళ ఆమె ఆ చెట్టు వంక చూడకుండానే లోపలికొచ్చింది. ఆగిన చోటే మొదలుపెట్టాలని.

బరువంతా టెంట్‌లోనే ఉందని కొట్టు యజమాని లైల్ తేల్చేశాడు. అది ఆర్విల్ వేటకి వెళ్లే రోజుల నాటిది. అయిదున్నర పౌన్లు. ఇద్దరు పడుకునేది ఎందుకమ్మా, తోడెవరైనా వస్తున్నారా అని అడిగాడు.

"ఎవరొస్తారు? మా అన్నయ్య బండి దిగి చర్చిలోకి నడిస్తేనే ఆయాసపడతాడు."

ఆర్విల్ పాత టెంట్‌ని చంకలో పెట్టుకుని, ఆ మాట వినబడనట్టు కిటికీలోంచి చూశాడు.

లైల్ ఒంటిమనిషి టెంట్లు రెండు తెచ్చాడు. మొదటిదాన్ని నేల మీదే వేసి చూపించాడు. నడీన్ బూట్లు విప్పి అందులో దూరి పడుకుంది. లేచి కూర్చున్నా తల పైబట్టకి తగల్లేదు. గాలీవానా ఎంత కొట్టినా నిలిచేలా ఉంది. మనసు దాని మీదికే పోయింది. కానీ రెండు పౌన్ల పది ఔన్సులు. ఆమె నిట్టూర్చి బయటికొచ్చింది.

రెండోది ఉల్లిపొరలాంటి బట్ట. మడిస్తే రెండు గుప్పిళ్లలో ఇమిడిపోయింది.

"ఇది ఒక్క పౌనే. అయితే దీంతో ఉన్న సంగతేంటంటే..."

"బరువు చెప్పావుగా నాయనా, చాలు. సంగతులు పైకెళ్లాక చదువుకుంటాను," అంటూ ఆమె దాన్ని సంచిలో కుక్కేసింది. లైల్ ఇంకేదో చెప్పబోయాడు. ఈలోగా వెనక గదిలోంచి ఎవరో బొబ్బలెక్కిన కాలు చూడమని కేకేస్తే అటు వెళ్లిపోయాడు.

ముల్లు ఇరవై రెండుకి కాస్త ఇవతల ఆగింది. తాళాలు మోగాయి.

నడీన్ పుస్తకం తీసేసింది. రెండో గిన్నె తీసేసింది. పళ్లబ్రష్షు పిడిని చాకుతో సగానికి కోసేసింది.

"పళ్లు కూడా పీకించుకో. ఇంకో ఔన్సు తగ్గుతుంది," అన్నాడు ఆర్విల్.

ముల్లు ఇరవై ఒకటి దగ్గర మొండికేసింది. సంచికి కట్టిన చేతికర్రలు రెండూ లెక్కలోకి రావని ఆమె వాదించింది. మోసేదంతా బరువేనన్నాడు అన్న. నడీన్ క్షణం ఆలోచించి కర్రలు విప్పింది. అరుగు మీద, దారిన పోయేవాళ్లు అక్కర్లేనివి వదిలేసే పెట్టెలో పడేసి వచ్చింది. ఇన్నేళ్లూ కర్రలతోనే నడిచానా ఏమిటి, అంది.

పంతొమ్మిది పౌన్ల పద్నాలుగు ఔన్సులు.

ఆర్విల్ ముల్లు వంక చాలాసేపు చూశాడు. తర్వాత సంచి ఎత్తి చెల్లెలి వీపుకి తగిలించాడు. పట్టీ భుజానికి ఒరుసుకుంటోందేమోనని వేలు పెట్టి చూశాడు. జేబులోంచి వేరుసెనగపప్పు పొట్లం తీశాడు. కాటా వంక ఒకసారి చూసి, మళ్లీ జేబులోనే పెట్టేసుకున్నాడు.

రెండు గంటలు ఎక్కేసరికి మజిలీ వచ్చింది. సాయంత్రానికి ఇంకా పొద్దుంది గాని, ఎదుటి కొండ మీద మబ్బు నల్లబడుతోంది. నడీన్ టెంట్ పరిచి నాలుగు మేకులూ దిగ్గొట్టింది. టెంట్‌ని నిలబెట్టే కమ్ముల కోసం సంచీ అంతా వెతికింది. కాగితం ఒకటి దొరికింది. "ఈ టెంట్‌కి కమ్ములు లేవు. మీ చేతికర్రలు రెండిటినీ నిలబెట్టి దీన్ని ఎత్తి కట్టాలి."

ఆమె ఆ ముక్కే రెండుసార్లు చదివింది. కర్రలు కింద ఉన్నాయి. తాళాలు పట్టుకుని అన్న కూడా కిందే ఉంటాడు.

"దిగేది లేదు," అంది పైకే.

చెట్లలోకి వెళ్లి కొమ్మలు ఏరింది. ఒకటి పుచ్చిపోయి విరిగింది. ఇంకోటి వంకర. టెంట్ మోకాలెత్తు లేచి చతికిలబడింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ పడింది. మొదటి చినుకు మెడ మీద రాలింది. మూడోసారి ఎత్తుతుండగా కింద మలుపులోంచి రొప్పు వినిపించింది.

ఆర్విల్. మొహం కందగడ్డలా ఉంది. చర్చికి వేసుకునే బూట్లనిండా బురద.

"తీసుకెళ్లడానికైతే ఇలాగే వెనక్కి పో. ఈ గుడ్డ కప్పుకునైనా ఇక్కడే పడుకుంటాను," అంది నడీన్ తలెత్తకుండా.

 ఆర్విల్ రొప్పుతూనే చేతులు చాచాడు. రెండు చేతుల్లోనూ రెండు కర్రలు.

"పెట్టెలో ఇవి చూసి లైల్ తల పట్టుకున్నాడు," అన్నాడు.

ఆ చివరొకటి, ఈ చివరొకటి నిలబెట్టారు. టెంట్ బిగిసి నిలబడింది. చినుకులు దాని మీద పడి జారిపోతున్నాయి. ఇద్దరూ ఒక నిమిషం దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఆర్విల్ వీపు మీది మూట దించి తాడు విప్పాడు. అయిదున్నర పౌన్ల పాత టెంట్.

ఆమెకి అర్థం కాలేదు. చీకటి పడేలోగా దిగాలి కదా, ఇదెందుకు మోసుకొచ్చావని అడిగింది. అతను వేరుసెనగపప్పు పొట్లం చింపి ఆమె ముందు పెట్టాడు. వచ్చిన దగ్గర్నుంచీ అన్న చేతిలో గలగల వినబడలేదని అప్పుడు తట్టింది నడీన్‌కి.

"బండి తాళాలేవీ?"

"నీ పాత బూట్ల పక్కన, రెండో కొమ్మకి విసిరొచ్చాను."