హనగసుమి ఇంజన్ గది తలుపు

ముప్పై ఒక్క ఏళ్లు ప్రయాణికులను మోసిన విహార నౌక హనగసుమి, నాలుగు నెలలుగా ఇన్నోషిమా రేవులో చల్లబడి పడి ఉంది. తెల్లారితే దాన్ని ముక్కలుగా కోస్తారు. ఒకప్పటి చీఫ్ ఇంజనీరు ఉకితా ఆ రాత్రి కాపలాదారు హమసాకిని బతిమాలి, అతనితో కలిసి ఇంజన్ గది దాకా దిగాడు.

నౌక పన్నెండో ఏట, హచిజో దీవి దగ్గర తుపానులో, ఆ గదికి నిప్పంటుకుంది. నాలుగు వందల మంది ప్రయాణికులను కాపాడటానికి ఉకితా ఇనుప తలుపు బిగించేశాడు. తన కింద పనిచేసే నిషివాకి లోపలే ఉన్నాడని తెలిసే బిగించాడు. నిషివాకి చాలాసేపు తలుపు బాదాడు.

ఇప్పుడు ఉకితా ఆ తలుపు మీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి చుర్రున కాలింది.

"చచ్చిన ఇంజనుకి వేడేంటండీ?" హమసాకి వెనక్కి జరిగాడు. "పైకి పోదాం పదండి."

లోపల్నుంచి తలుపు మీద దెబ్బ పడింది. వెంటనే ఇంకోటి.

"ఉండరా నిషివాకీ, తీస్తున్నా!" ఉకితా తలుపు చక్రాన్ని పట్టుకున్నాడు.

హమసాకి అతని నడుం పట్టి లాగాడు. "పిచ్చా మీకు? వదలండి!"

ఉకితా చేతికందిన పానాతో అతని మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. రెండో దెబ్బకు హమసాకి కదలడం మానేశాడు.

ఉకితా చక్రాన్ని రెండు చుట్లు తిప్పాడు. అరచేతుల చర్మం ఇనుముకు అంటుకుపోయింది. మూడో చుట్టు చక్రం దానంతటదే తిరిగింది. తలుపు వేలెడంత తెరుచుకుంది. ఆ సందులోంచి మాడిన వేళ్లు వచ్చి అతని మణికట్టును మెత్తగా పట్టుకున్నాయి.

"వచ్చారా, చీఫ్?"

ఉకితా గావుకేక పెట్టి, తలుపుకు భుజం ఆనించి, ఆ వేళ్ల మీదే మళ్లీ మూయసాగాడు.