లేదనే మాట

“ఫిల్టరు నీళ్లు ఎదురింటికి ఇయ్యొద్దవ్వా. మీ ఇంట్లోవాళ్లే తాగాల,” మూడోసారి చెప్పింది ఈశ్వరి.

బిందె కడుగుతున్న చౌడక్క తలెత్తింది. “గుక్కెడు నీళ్లకని వస్తే లేవని పంపీమంటావా పాపా?”

పెనుకొండ దగ్గరి ఆ ఊళ్లో బోరునీళ్లనిండా ఫ్లోరైడే. ఫిల్టరు పెడితే పిల్లల పళ్లు పాడవకుండా ఉంటాయా అని రెండేళ్ల పరిశోధన. చీటీలు తీసి సగం ఇళ్లకే ఫిల్టర్లు ఇచ్చారు. చౌడక్కకు వచ్చింది. ఎదురింటి షరీఫాబీకి రాలేదు. ఇద్దరికీ కాగితం చదివి వినిపించి, ఒప్పుకుంటున్నట్టు వేలిముద్రలు వేయించింది ఆ పరిశోధన పని మీద ఇల్లిల్లూ తిరిగే ఈశ్వరే.

“అందరూ తాగితే ఫిల్టరు పనిచేస్తాండాదో లేదో ఎట్లా తెలుస్తాదవ్వా?”

చౌడక్క చెయ్యి ఆగింది. “అంటే నా మనవడి పండ్లు బాగుంటే చాలదు. ఆ యమ్మ బిడ్డ పండ్లు చెడిపోవాల. అప్పుడే నీకు తెలుస్తాది. అంతేనా?”

కాగితంలో అంతా ఉంది గానీ, ఇంత సూటిగా లేదు.

“ఇష్టం లేకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చని సదివినావు గదా. మానుకుంటా.”

“మానుకుంటే ఫిల్టరు ఎత్తుకుపోతారవ్వా. ఇద్దరు బిడ్డలకూ లేకుండా పోతాది.”

అంతలో షరీఫాబీ కూతురు ముబీనా చెంబు పట్టుకుని లోపలికి వచ్చింది.

చౌడక్క పక్కకు జరిగింది. “లేవనే మాట నా నోట రాదు. నువ్వే చెప్పు.”

ముబీనా చెంబును ఈశ్వరి ముందుకు చాపి నవ్వింది. ముందరి పాలపళ్లు రాలిపోయాయి. కొత్తవి ఇంకా రాలేదు.