వెండెల్ బావ తెల్ల గాలం

బార్నెగాట్ రేవు బయట సముద్రంలో, మునిగిన ఓడ మీదుగా మా పడవ నెమ్మదిగా కొట్టుకుపోతోంది. ఇసుకలో పళ్లెంలా పడుకునే ఫ్లూక్ చేపల కోసం వచ్చాం. చీకటి పడినా వెండెల్ బావకి ఇంటి ధ్యాస లేదు. వాళ్ల నాన్న సీసం కరిగించి పోసిన తెల్ల గాలం ఇందాకే ఆ ఓడలో చిక్కుకుని తెగిపోయింది.

ఆ కోపం నా మీద చూపించాడు. "ఫ్లూక్ కొరకగానే లాగెయ్యకురా! దారం వదులు చెయ్యి. బాగా మింగనీ."

అంతలో నా గాలం బరువెక్కింది. పైకి చుట్టాను. చేప లేదు. నా కొక్కేనికి బావ తెల్ల గాలమే తగులుకుని ఉంది.

"చూశావా! మా నాన్న సొత్తు ఊరికే పోతుందా!" అంటూ బావ దాన్ని గుప్పిట పట్టాడు. వెంటనే "అబ్బా!" అన్నాడు. కొక్కెం అరచేతిలో దిగబడింది.

"నవ్వింది చాల్లే, కత్తి తియ్యి," అన్నాడు బావ.

నేను నవ్వలేదు. పడవ కింద అప్పటిదాకా కిలకిలమన్న నీళ్ల చప్పుడు ఆగిపోయింది. లైటు వేశాను.

బావ దారం పసుపుది. తెల్ల గాలానికి ఇప్పుడు నల్ల దారం ముడేసి ఉంది. అది పడవ అంచు దాటి నీళ్లలోకి దిగుతోంది.

నేను కత్తి కోసం తడుముతుండగా, ఆ దారాన్ని కింద నుంచి ఎవరో ఇంకాస్త వదులు చేశారు.