ఎవరికీ చెప్పని సంగతి

"ఇది తీసేసి ఇంకోటి రాయి," అంది మెరిన్. "పదకొండింటికి పాఠం. అరగంట కూడా లేదు."

టిల్డా కదల్లేదు. పదేళ్ళ పిల్ల, కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, వంటింటి బల్ల మీది కంప్యూటర్‌ని వదిలేసి గోడకేసి చూస్తోంది.

వీళ్ళలా పశువులు మేపుకునే పక్క ఇల్లే తొంభై కిలోమీటర్ల దూరం. ఇక బడి మాట చెప్పేదేముంది. పాస్కో టీచర్ పట్నంలో ఉండి తెర మీద పాఠం చెప్తుంది. దగ్గర కూర్చుని రాయించే పని తల్లులది. ప్రతి సోమవారం ఆవిడ ఒక మొదటి వాక్యం పంపిస్తుంది. పిల్లలు దాన్ని పూర్తి చేసి శుక్రవారం అందరికీ చదివి వినిపించాలి. అందరికీ అంటే, పిల్లల వెనకాల నిలబడి టీ తాగుతూ వినే పదకొండు ఇళ్ళ తల్లులకి కూడా.

ఈ వారం వాక్యం: 'నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది.'

దాని కింద ఇలా ఉంది: 'పొద్దున లేవాలంటే భయంగా ఉంటోంది. గడ్డి లేక తుపాకీతో కాల్చి చంపిన ఆవులు కళ్ళు మూస్తే చాలు ఎదురుగా నిలబడుతున్నాయి. చెరువు దాకా వెళ్ళి ఇక ఇంటికి రాకపోతే బాగుండుననిపిస్తోంది. ఇంట్లో చెప్పను. చెప్తే వాళ్ళకి మిగిలిన ఆ కాస్త నవ్వు కూడా పోతుంది.'

"ఇది నువ్వు చదివితే సాయంత్రానికల్లా ఏ ఇంట్లో చూసినా మన మాటే," అంది మెరిన్.

"నేను చదవను."

"మరెందుకు రాశావు?"

టిల్డా కిటికీ వైపు తిరిగింది. బయట వాళ్ళ కుక్క పెప్పర్ తాడు తెంపుకునేలా గుంజుకుంటూ మొరుగుతోంది.

"దీని గోలొకటి. రోజూ మీ నాన్న బండెక్కి పోయేది, ఇవాళ ఇదెలా ఉండిపోయింది?"

"నాన్నే కట్టేయమన్నాడు."

ఉత్తరం చెరువు బురదలో ఆవు దిగబడిందని టిల్డా తండ్రి రోరీ తెల్లవారగానే వెళ్ళాడు. మెరిన్ మళ్ళీ తెర వైపు చూసింది. రెండోసారి చదివేసరికి పొరుగిళ్ళ సంగతి మర్చిపోయింది. ఆ మాటలు పదేళ్ళ పిల్లవి. 'ఇంటికి రాకపోతే బాగుండును.' సోమవారం టిల్డా ఏదో కాగితం పట్టుకుని వస్తే, నీళ్ళ పంపు విప్పుకుని కూర్చున్న తను, ఖాళీ లేదు పొమ్మంది. ఆ కాగితం ఏమిటో తర్వాతైనా అడగలేదు.

కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కూతురి చేతులు పట్టుకుంది.

"నీకు ఎప్పట్నుంచి ఇలా అనిపిస్తోంది తల్లీ?"

"నాకేం అనిపించట్లేదు."

"అమ్మని కదా, నాకు చెప్పవా? నేను తిట్టనులే."

"ఇందాకట్నుంచి తిడుతూనే ఉన్నావు."

"ఇక తిట్టను. రేపే డాక్టర్ దగ్గరికి వెళ్దాం, మనిద్దరమే. నాన్నకి మాత్రం తెలియనివ్వద్దు. ఇంత కరువులోనూ ఈ ఇంట్లో గుండె చిక్కబట్టుకుని ఉన్నది ఆయనొక్కడే. ఇది చూస్తే ఆయనా కూలబడిపోతాడు."

టిల్డా గబుక్కున తల్లి ముఖంలోకి చూసింది. పెదవి కొరుక్కుంది.

"ఎన్నిసార్లు చెప్పాలి? అది నేను రాయలేదు."

"మరెవరు, పెప్పర్ రాసిందా?"

"చదివేలోపల చెరిపేస్తానని మాటిచ్చాను. మర్చిపోయాను."

"ఎవరికి మాటిచ్చావు?"

కుక్క మొరుగుడు ఆపింది. తాడు చివర నిలబడి, ఉత్తరం దారికేసి చూస్తూ సన్నగా మూలుగుతోంది. టిల్డా కళ్ళు తుడుచుకుంది.

"ఈ వారం ఇంట్లో ఇంకొకరు కూడా మాతో కలిసి రాయాలంది టీచర్. ఆ కాగితమే తెచ్చాను, నువ్వు ఖాళీ లేదన్నావు. నాది కింద పేజీలో ఉందమ్మా, గుర్రప్పిల్ల గురించి. పైన ఉన్నది నాన్నది."