నెత్తళ్ళ బాకీ

భీమిలిలో ఇంటింటా చల్లగదుల్లో పెంగ్విన్లను సాకే కాలమది. పసుపు జుట్టున్న తన పెంగ్విన్ అసలు పక్షేనా అన్న అనుమానం అప్పలనరసమ్మను ఏళ్ళుగా వదల్లేదు. కాకులు కనుమరుగయ్యాక తండ్రి తద్దినంనాడు ముద్ద ముట్టే పక్షి లేదు. పోయేముందు ఆయన నెత్తళ్ళ చేపలు అడిగితే, డాక్టరు వద్దన్నాడని ఆమె పెట్టలేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు తద్దినంనాడు కోడలు నూకరత్నం, పెంగ్విన్ రాల్చిన ఈకను వంశాలు చెప్పే ఫోనుకు తాకించింది.

"పక్షే అత్తా. దీని తాతముత్తాతలు ఎగిరీవోరట. సముద్రం మీద ఎగిరే ఆల్బట్రాస్ దీనికి దాయాదట."

"ఎగరడం మానీసి ఈతకి దిగిపోనాదేటి? మా అయ్యా అంతే, ఒడ్డునుండీవోడు కాడు."

అప్పలనరసమ్మ దణ్ణం పెట్టి, ఆకులో నెత్తళ్ళు వడ్డించింది. పెంగ్విన్ ఒక్కటీ మిగల్చకుండా తిని, ఆమె కొంగు పట్టి లాగింది. మారు వడ్డించందే తండ్రీ లేచేవాడు కాదు. ఆమె నవ్వుకుంటూ మళ్ళీ వడ్డించింది.