కుంట ఫోటో

ప్రొద్దుటూరు ఫోటోగ్రాఫర్ శుభాకర్ రాజుపాలెం అవతలి కుంట గట్టు మీద నిలబడే ఫోటో తీసుకొని వెళ్ళిపోదామనుకున్నాడు. వెంకటసుబ్బమ్మ సాగనివ్వలేదు.

ఎనుములు మేపుకొనే ఆ అవ్వ ఒకసారి చూసిన మొహాన్ని మర్చిపోదు. "స్టూడియో నాయన గదా నువ్వు! అట్ల నిలబడితే పిట్టలు బెదురుతాయి. పోయినేడు మాదిరి పండుకో."

కెమెరా పట్టుకొని గట్టు దిగాడు. బురదలో బోర్లా పడుకున్నాడు. ఇస్త్రీ చొక్కా కథ అక్కడితో ముగిసింది.

"పోయినేడు కెమెరాకు బారు గొట్టం తెచ్చినావే? ఈ పొట్టిది సాలుతాదా?"

"ఇది చాలవ్వా."

ఎదురుగా ఉల్లంకి పిట్టలు. పిడికిట్లో ఇమిడిపోతాయి గానీ ఒక్కచోట కుదురుగా నిలబడితే ఒట్టు. బురదలో ముక్కులు పొడుస్తూ అటూ ఇటూ ఒకటే పరుగులు. ఒకప్పుడు ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ వీటి కోసం వచ్చేవాడు. ఒక్కటి దగ్గరికొస్తే గుండె ఝల్లుమనేది. ఇవాళ ఏమీ అనిపించడం లేదు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి, స్టూడియోలో ఈగలు తోలుకోవడం మొదలైనప్పటి నుంచీ మనసు మొద్దుబారిపోయింది. అందుకు బాధ కూడా కలగడం లేదు.

కావలసింది ఒక్క ఫోటో. సాయంత్రంలోపు పంపాలి.

అవ్వ పక్కనే చతికిలబడింది. "ఈ కుంట పూడ్చి సోలార్ ప్లేట్లు పెడతారంట. పూడిస్తే నా ఎనుములు యాడ నీళ్లు తాగల్ల? పిట్టలుండే తావును ముట్టగూడదంట గదా, మా టీచరమ్మ చెప్పింది. నువ్వు ఫోటో సూపిస్తే ఆపుతారు నాయనా."

"ఊఁ" అన్నాడు శుభాకర్.

ఆమె ఊరికే కూర్చోలేదు. ఎనుములను దూరంగా తోలింది. కుక్కను అదిలించింది. గట్టు మీద మోటారుసైకిల్ హారన్ కొట్టబోయినవాణ్ణి కళ్ళతోనే కాల్చేసింది.

పిట్టలు దగ్గరికొచ్చాయి. ఇంకా దగ్గరికొచ్చాయి. కెమెరాలో ఎటు చూసినా అవే. శుభాకర్ వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

"ఇంగేం సూస్తాండావు? తీయి!" అవ్వ గుసగుసలాడింది.

"కొంచెం ఆగవ్వా."

ఎండ ఎక్కింది. మోచేతుల మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. అంతలో దూడ ఒకటి తోకెత్తుకొని గట్టెంబడి ఉరికింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. కుంటలో ఉత్త బురద మిగిలింది.

అవ్వ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా దూడే నీ పని చెడగొట్టె గదప్పా! శానా సేపు పండుకొంటివే!"

"పర్లేదు. దూడను పట్టుకో పో అవ్వా."

ఆమె దూడ వెంట పరిగెత్తాక శుభాకర్ లేచి నిలబడి, ఆ కుంటలో ఒక్క పిట్ట కూడా ఉండదని చూపించడానికి సోలార్ కంపెనీవాళ్ళు అడిగిన ఫోటో తీసుకున్నాడు.