గీత పడని సారీ గార్డ్

"సార్, బండంతా తుప్పు పట్టింది గానీ జెర గిది చూడుండ్రి," అన్నాడు రాజేందర్, వెనక చక్రం పక్కనున్న సారీ గార్డ్‌ని గుడ్డతో తుడుస్తూ. "ఒక్క గీత లేదు. షోరూం నుంచి ఇప్పుడే తెచ్చినట్టుంది."

వెనక కూర్చున్న ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా బిగించే ఇనుప చట్రం అది. పాత బుల్లెట్లలో ముందు పాడయ్యేది అదే. చెప్పుల రాపిడికి పెయింటంతా లేచిపోయి ఉంటుంది.

"ప్రేమమణి వెనక కూర్చునేది కాదయ్యా," అన్నాడు జకర్యా.

"ఒక్కసారి సుత?"

"ఒక్కసారి కూడా."

రాజేందర్‌కి ఆ పెద్దాయన మీద జాలేసింది. కట్టుకున్న మనిషి పక్కనుండగా ఒక్కడే బండెక్కి పోవడం ఎంత వెలితిగా ఉండుంటుందో అనుకున్నాడు.

రెజిమెంటల్ బజార్ సందులో రాజేందర్ షెడ్డుంది. పాత బండ్లు బాగుచేయడం అతని పని. జకర్యా సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. ప్రేమమణి యాప్రాల్‌లో ఓ బళ్లో టీచరుగా పనిచేసింది. ఆమె పోయి మూడేళ్లయింది. ఆమె తండ్రి మిలిటరీలో ఉన్నప్పుడు కొన్న బుల్లెట్ అది, పెళ్లయ్యాక వీళ్లింటికొచ్చింది. ఆమె పోయినప్పట్నుంచి చిలకలగూడలో ఇంటి మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉంది. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి.

ఈస్టరు నాటికి బండి కదలాలి, జకర్యా కోరిక అదొక్కటే. ఆ రోజు తెల్లవారుజామున వాళ్లవాళ్లంతా సమాధుల తోటకు పోతారు. సున్నం వేసిన సమాధుల మీద పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. ఇన్నాళ్లూ ఆయన ఆటోలో పోయొచ్చాడు.

"ఆటోలో పోతే చుట్టపుచూపుగా పోయినట్టుందయ్యా. మా బండి మీద పోవాలి," అన్నాడు.

ఆ మాటకు రాజేందర్ మిగతా బండ్లన్నీ పక్కన పెట్టి దీని మీద పడ్డాడు. జకర్యా రోజూ సాయంత్రం వచ్చి, బోర్లించిన డబ్బా మీద కూర్చునేవాడు. ఇంటికి పోతే పలకరించే దిక్కులేదు. ఫ్లాస్కులో టీ మాత్రం అలవాటు కొద్దీ ఇద్దరికి పోసుకొచ్చేవాడు, ఆ రెండో కప్పు రాజేందర్‌కి దక్కేది.

"మీరు చూస్తే తాటిచెట్టంత పొడుగున్నరు. హ్యాండిల్ గింత దగ్గరికి వంచిండ్రేంది సార్? మోకాళ్లకు తాకుతది. మారుస్తా," అన్నాడోరోజు.

"వద్దు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ."

చిక్కంతా వెనక ఫుట్‌రెస్టులు విప్పినప్పుడు వచ్చింది. రెండు వైపులా రబ్బర్లు అరిగి అట్టముక్కల్లా ఉన్నాయి. ఒక పక్కకు కూర్చునే మనిషి రెండు పక్కలా రబ్బర్లు అరగదీయదు. అంటే ఎవరో అటో కాలు ఇటో కాలు వేసుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు. పంజాబీ డ్రెస్సు వేసుకునే మనిషెవరో అయ్యుంటుందని రాజేందర్ ఠక్కున తేల్చేశాడు. ఇలాంటి విషయాల్లో అతని బుర్ర యమా జోరుగా పనిచేస్తుంది.

కడుపులో దాచుకోలేక అడిగేశాడు.

"వెనక రోజూ ఎవరు కూసునేటోళ్లు సార్?"

టీ పోస్తున్న జకర్యా ముసలి మొహం సిగ్గుతో ఎర్రబడింది. "ఉన్నార్లే ఒకరు. చిలకలగూడ నుంచి మా ఆఫీసు దాకా."

"మేడమ్‌కు ఎరుకేనా?"

"తెలీకుండా ఎలా ఉంటుంది?" అని నవ్వాడు. "ఆఫీసంతా చెప్పుకుని నవ్వేవాళ్లు. ప్రేమమణే పట్టించుకునేది కాదు. నువ్వూ నవ్వుకో."

రాజేందర్ నవ్వలేదు. యాప్రాల్ బస్సులో వేలాడుతూ పోయే టీచరమ్మ కళ్లముందు మెదిలింది. ఎన్నడూ చూడని ఆ మనిషి కోసం మనసు కలుక్కుమంది. ఇంత చేసి, అదే బండి మీద ఆమె సమాధి దగ్గరికి పూలు పట్టుకుపోతాడట, సిగ్గుండాలి అనుకున్నాడు. కొత్త రబ్బర్లు తెచ్చి కూడా తొడగలేదు. పాతవే బిగించేశాడు.

అప్పట్నుంచి రెండో కప్పులో టీ చల్లారిపోయేది. తనతో మాట్లాడే ఒక్క మనిషీ ఎందుకు మాట మానేశాడో జకర్యాకు అర్థం కాలేదు. అయినా వచ్చి కూర్చునేవాడు. షట్టరు దించాక ఖాళీ కాని ఫ్లాస్కు పట్టుకుని నెమ్మదిగా నడిచిపోయేవాడు. చూస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. రాజేందర్ చూడటం మానేశాడు.

మాటిచ్చాడు కనక బండి మాత్రం పూర్తిచేశాడు. ఈస్టరు ముందు రోజు సాయంత్రం, "కిక్ కొట్టి చూడుండ్రి," అన్నాడు ముభావంగా.

"నువ్వే కొట్టు. నేను వింటాను."

ఇంజను అందుకుంది. ఆ దుడుదుడు వింటూ జకర్యా కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి తడిసి ఉన్నాయి. "అచ్చం ఇదే," అని, పొద్దున్నే ఇంటికి తెచ్చిపెట్టమని అడిగాడు.

తెల్లవారుజామున రాజేందర్ వచ్చేసరికి ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పూలబుట్ట. రాజేందర్ ఇంజను ఆపకుండానే దిగి హ్యాండిల్ అందించబోయాడు.

"మీ బండి మీకు ముట్టింది. నేను ఆటోల పోత."

జకర్యా హ్యాండిల్ అందుకోలేదు. పూలబుట్ట గుండెకు ఆనించుకుని, కాలు అటు వేసి వెనక సీటు మీద కూర్చున్నాడు. వంగి చూసుకోకుండానే రెండు పాదాలూ అరిగిన రబ్బర్ల మీద పెట్టుకున్నాడు. అవి అక్కడ చక్కగా ఒదిగిపోయాయి.

"అదేంది సార్, ముందుకు జరుగుండ్రి."

"నా చోటు ఇదేనయ్యా," అన్నాడు జకర్యా.

ఆ బండి నడిపింది ఎప్పుడూ ప్రేమమణే.